సర్వసేనాధిపతి నుంచి సిపాయి దాకా

శ్రోతలకు నమస్కారం.

1980 సెప్టెంబరు 12. ఇంకా తెల్లారలేదు. టర్కీలో రేడియో పెట్టినవాళ్లకు వినిపించిన కబురు ఒక్కటే: దేశం సైన్యం చేతుల్లోకి వెళ్లిపోయింది. ఆ ప్రకటన కింద ఉన్న పేరు జనరల్ కెనాన్ ఎవ్రెన్‌ది.

ఎవ్రెన్ 1917లో అలాషెహిర్‌లో పుట్టారు. ద్రాక్షతోటలకు పేరున్న ఊరు. ఫిరంగి దళంలో చేరి, కొన్నాళ్లు కొరియాలో టర్కీ బ్రిగేడ్‌లో పనిచేసి, ఒక్కో మెట్టూ ఎక్కి 1978లో సర్వసేనాధిపతి అయ్యారు. అప్పటికి వీధుల్లో వామపక్ష, మితవాద ముఠాల కాల్పుల్లో జనం వేలల్లో చచ్చిపోతున్నారు. అందుకే సైన్యం వచ్చిన కొత్తలో హమ్మయ్య అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఆ సంగతి దాచకూడదు.

ఆ తర్వాత జరిగిందీ దాచకూడదు. పార్లమెంటు రద్దు, పార్టీలు రద్దు. సుమారు ఆరున్నర లక్షల మంది అరెస్టు. జైళ్లలో చిత్రహింసలు. యాభై మందికి ఉరి. ఒకసారి ముష్ పట్టణంలో మాట్లాడుతూ ఎవ్రెన్, "ఉరి తియ్యకుండా కూర్చోబెట్టి మేపమంటారా?" అని అడిగారు. టర్కీలో ఆ మాటను ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు.

1982లో కొత్త రాజ్యాంగానికి ఓటింగ్ పెట్టారు. వద్దని ప్రచారం చేయడం నిషేధం. 91 శాతం సరే అన్నారు. ఆ ఓటుతోనే ఎవ్రెన్ ఏడేళ్లకు అధ్యక్షుడైపోయారు. అంతకంటే గడుసు పని ఇంకోటుంది. 1980 సైనిక కుట్ర చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదని అదే రాజ్యాంగంలో ఒక అధికరణం రాయించుకున్నారు. తన వీపుకు తానే కవచం కట్టుకున్నట్టు! 1989లో దిగిపోయి, మర్మరిస్‌లో సముద్రం ఒడ్డున బొమ్మలు వేసుకుంటూ హాయిగా ఉన్నారు.

ఆ కవచం 2010 రెఫరెండంలో ఊడింది. ఓటింగ్ జరిగిన రోజు మళ్లీ సెప్టెంబరు 12. విచారణ ఆసుపత్రి మంచం మీద నుంచే, వీడియోలో. 2014 జూన్‌లో యావజ్జీవ శిక్ష పడింది. జనరల్ హోదా తీసేసి మామూలు సిపాయిగా దించాలని కూడా తీర్పులో ఉంది. అప్పటికి ఆయనకు 96 ఏళ్లు.

అప్పీలు తేలకముందే, 2015 మేలో కన్నుమూశారు. తీర్పు ఖరారు కాలేదు కాబట్టి హోదా పోలేదు. అంకారాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ప్రధాన పార్టీల నాయకులెవరూ అటు రాలేదు.