తిరుగు టికెట్ ఎప్పటికి? – విదేశీ అనాథాశ్రమాల్లో సేవపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. సెలవుల్లో వేరే దేశాల అనాథాశ్రమాలకు వాలంటీర్లుగా వెళ్ళేవాళ్ళు ఏమేం చూసుకోవాలి అన్నది ఈ రోజు విషయం. మనతో ఉన్న మేడమ్ ప్రభుత్వ పిల్లల హోమ్ అయిన బాలసదనం సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యారు, ఆ తర్వాత చైల్డ్ వెల్ఫేర్ కమిటీలోనూ పనిచేశారు. నమస్తే మేడమ్. అప్పుడే కాల్స్ వచ్చేస్తున్నాయి. హలో, చెప్పండి?

కాలర్ (హైదరాబాద్): హలో మేడమ్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. ఎగ్జామ్స్ అవగానే నలుగురు ఫ్రెండ్స్‌మి నేపాల్ వెళ్తున్నాం. ఖాట్మండులో ఒక ఆర్ఫనేజ్‌లో ఉంటాం. ఏం సర్దుకోవాలో చెప్తారా?

మేడమ్: తిరుగు టికెట్ ఎప్పటికి బాబూ?

కాలర్: పద్నాలుగు రోజులకి మేడమ్.

మేడమ్: ఎవరు కుదిర్చారు?

కాలర్: ఆన్‌లైన్‌లో ఒక ఏజెన్సీ. భోజనం, రూమ్, చివర్లో పోఖరా ట్రిప్, అన్నీ కలిపి ప్యాకేజీ.

మేడమ్: నిన్నేమడిగారు? నీ మీద కేసుల్లేవని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగారా?

కాలర్: లేదు మేడమ్. అడ్వాన్స్, ఆధార్ కాపీ, టీషర్ట్ సైజు.

మేడమ్: (నవ్వు) టీషర్ట్ సైజు! సరే. మీ వీధిలో ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్ళి, మేం నలుగురం కుర్రాళ్ళం, రెండు వారాలు మీ పిల్లలతో ఉంటాం అని చెప్పి చూడు. వాచ్‌మన్ గేటు తీస్తాడా? ఇక్కడ తెరుచుకోని గేటు అక్కడ డబ్బు కడితే తెరుచుకుందంటే నీకు అనుమానం రావాలి కదా నాన్నా. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో దళాలు పిల్లల్ని తీసుకుపోతాయని భయం. ఆ భయాన్ని ఏజెంట్లు సొమ్ము చేసుకున్నారు. ఖాట్మండులో మంచి స్కూల్లో వేస్తాం అని, తల్లిదండ్రులు పొలం అమ్మి ఇచ్చిన డబ్బు తీసుకుని పిల్లల్ని దింపుకొచ్చారు. తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించారు. మన దగ్గర గల్ఫ్ ఏజెంట్లని చూడలేదూ? అదే కథ, కాకపోతే ఇక్కడ సరుకు పిల్లలు. 2015 భూకంపం తర్వాత మళ్ళీ అదే మొదలవుతుందని అక్కడి ప్రభుత్వం అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆపేసింది.

కాలర్: అంటే క్యాన్సిల్ చేసుకోమంటారా?

మేడమ్: ముందు వాళ్ళకి మెయిల్ పెట్టు. ఆ హోమ్‌లో ఎంతమందికి అమ్మానాన్నలున్నారు, వాళ్ళని ఇంటికి చేర్చడానికి ఏం చేస్తున్నారు అని అడుగు. జవాబుకి బదులు డిస్కౌంట్ పంపిస్తే నీకే తెలిసిపోతుంది. ఊరికే నేపాల్ చూడాలనుకుంటే హాయిగా వెళ్ళి పోఖరా చూసి రండి, తప్పేముంది? అన్నట్టు, విమానంలో వెళ్తే మీ వయసు వాళ్ళకి ఆధార్ పనికిరాదు. పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఏజెన్సీ చెప్పిందా అది?

కాలర్: లేదు మేడమ్...

యాంకర్: థాంక్యూ. నెక్స్ట్ కాలర్, రాజమండ్రి నుంచి.

కాలర్ (రాజమండ్రి): నమస్కారమమ్మా. నేను రిటైర్డ్ లెక్కల మాస్టార్ని. ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేశాను. మా అబ్బాయి సింగపూర్లో ఉంటాడు, మా ఆవిడ ఇప్పుడు అక్కడే ఉంది, మనవరాలు పుట్టింది...

యాంకర్: మాస్టారూ, ప్రశ్న?

కాలర్: అక్కడికే వస్తున్నానండీ. మా వాకర్స్ అసోసియేషన్ వాళ్ళం పన్నెండు మందిమి అంగ్‌కోర్ వాట్ చూద్దామని కాంబోడియా బయల్దేరుతున్నాం. గుళ్ళు చూసి ఊరికే వచ్చేయడం ఎందుకని, సియామ్ రీప్‌లో ఒక అనాథాశ్రమంలో వారం రోజులు సేవ పెట్టుకున్నాం. మా డ్రిల్లు మాస్టారు యోగా చెప్తారు, నేను ఎక్కాలు చెప్తాను. పలకలు కొన్నాను, నలభై. ఆత్రేయపురం పూతరేకులు ఆర్డరిచ్చాం. నా సందేహం ఏంటంటే, ఆవకాయ పట్టుకెళ్ళచ్చా? ఆ పిల్లలు కారం తింటారా?

మేడమ్: మాస్టారూ, సియామ్ రీప్‌లో ఎన్నాళ్ళుంటారు?

కాలర్: చెప్పాను కదమ్మా, వారం. వారంలో మూడో ఎక్కం దాకా...

మేడమ్: ఏ భాషలో చెప్తారు?

కాలర్: (ఆగి) ఇంగ్లీషులో చెబుదామని. అంకెలకి భాషేముందమ్మా?

మేడమ్: ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో మీ క్లాసులోకి ప్రతి సోమవారం ఒక కొత్త మాస్టారు వచ్చి ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టి, శనివారం ఫొటో దిగి వెళ్ళిపోతే ఊరుకునేవారా?

కాలర్: హెడ్మాస్టర్‌తో పోట్లాడేవాణ్ణి.

మేడమ్: అక్కడ జరిగేది అదే. వాలంటీర్లు ఎక్కువగా వచ్చే హోముల్లో పిల్లలు ఒకే రైమ్ ఏడాదికి ముప్పైసార్లు నేర్చుకుంటారు. వచ్చినా రానట్టే నేర్చుకుంటారు, ఎందుకంటే వచ్చినవాళ్ళు సంతోషపడాలి. కాంబోడియా అనగానే మనకి ఖ్మేర్ రూజ్ వాళ్ళ పాలన గుర్తొస్తుంది, 1975 నుంచి 79 దాకా అన్ని లక్షలమంది పోయారు కదా, అనాథలుంటారులే అనుకుంటాం. ఆనాటి పిల్లలకి ఇప్పుడు మనవలున్నారు మాస్టారూ. యుద్ధం ఆగి ఏళ్ళు గడిచాక, 2005లో ఆ దేశంలో 154 ఆశ్రమాలుంటే 2010కి 269 అయ్యాయి. ఆ ఐదేళ్ళలో పెరిగింది అనాథలు కాదు, టూరిస్టులు. పిల్లల్లో నలుగురికి ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారని అప్పుడే తేలింది. టుక్‌టుక్ డ్రైవర్లు గుళ్ళు తిప్పుతూ ఆశ్రమం చూస్తారా అని అడిగేవాళ్ళు. సాయంత్రం పిల్లలతో అప్సర నాట్యం, చివర్లో డబ్బా తిప్పడం. చివరికి ప్రభుత్వమే ఐదు రాష్ట్రాల్లో ఆశ్రమాల్లోని పిల్లల్లో ముప్పై శాతం మందిని ఇళ్ళకి చేర్చాలని లెక్క పెట్టుకుంది.

కాలర్: తల్లిదండ్రులుంటే మరి ఎందుకు వదులుతారమ్మా?

మేడమ్: మన హాస్టళ్ళలో ఎందుకు వేస్తారండీ? అన్నం, చదువు. ఊళ్ళో స్కూలుంటే, ఆ తల్లికి నెలకింత ఆధారం దొరికితే పంపదు.

కాలర్: నిజమే. కానీ అమ్మా, మా వాళ్ళు చెప్పేదేంటంటే ఆ పిల్లలు చాలా ప్రేమగా ఉంటారట. పోయినసారి వెళ్ళినావిడ గేటు దగ్గరికి వెళ్ళేసరికి పరుగెత్తుకొచ్చి ఒళ్ళో ఎక్కి కూర్చున్నారట. కళ్ళనీళ్ళు పెట్టుకుంది చెప్తూ.

మేడమ్: మీ మనవరాలు రెండేళ్ళదయ్యాక, ముక్కూమొహం తెలియని మనిషి వస్తే ఒళ్ళోకెళ్తుందా?

కాలర్: వెళ్ళదు. వాళ్ళమ్మ కొంగు పట్టుకుంటుంది.

మేడమ్: అదీ ఆరోగ్యం. కొంగు లేని పిల్ల కనిపించిన ప్రతి ఒళ్ళో ఎక్కుతుంది. దాన్ని మనం ప్రేమ అనుకుని మురిసిపోతాం. ఒకటి చెప్తాను, చాలా ఏళ్ళ కిందటిది. మా బాలసదనానికి ఒకమ్మాయి వచ్చింది, ఉద్యోగానికి సెలవు పెట్టి ఇరవై రోజులు సేవ చేస్తానని. మంచి పిల్లే, నేనే పర్మిషన్ ఇప్పించాను, తప్పు నాది. ఆరేళ్ళ పిల్ల ఒకతి ఆవిణ్ణి వదల్లేదు. జడ ఆవిడే వేయాలి, అన్నం ఆవిడ పక్కనే. వెళ్ళేరోజు మళ్ళీ వస్తానంది, అందరూ అనే మాటే. నీలం వాటర్ బాటిల్ ఒకటి మర్చిపోయి వెళ్ళింది, అడుగున నాలుగు గుక్కల నీళ్ళున్నాయి. ఈ పిల్ల ఆ బాటిల్ పక్కలో పెట్టుకుని పడుకునేది, ఆ నీళ్ళు పారబోయనిచ్చేది కాదు. లోపల నాచు పట్టింది. ఒకరోజు మా ఆయా చూడకుండా కడిగేసింది. ఆ పూట ఆ పిల్ల అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా పేరడిగేది కాదు, "ఎన్ని రోజులుంటావు?" అని అడిగేది. అప్పట్నుంచే నాకీ తిరుగు టికెట్ పిచ్చి పట్టింది.

కాలర్: ... అవునమ్మా.

యాంకర్: మాస్టారూ, లైన్లో చాలామంది ఉన్నారు.

కాలర్: ఒక్క నిమిషం బాబూ. పోనీ పిల్లల దగ్గరికి వెళ్ళకుండా ఆవకాయా, పలకలూ ఇచ్చేసి వస్తే?

మేడమ్: (నవ్వు) ఆవకాయ మీరు తినండి, మీ పన్నెండు మందికి అక్కడ పప్పన్నం దొరకదు. సియామ్ రీప్‌లో కుర్రాళ్ళకి వంట, వడ్డన నేర్పించి పనిలో పెట్టే హోటళ్ళున్నాయి, రెండు పూటలు అక్కడ తినండి, అదే సేవ. పలకలు రాజమండ్రిలోనే ఉంచండి. మీ ఊళ్ళో హాస్టల్ వార్డెన్‌ని కలిసి, వారానికి రెండు సాయంత్రాలు, ఏడాది పొడుగునా టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్తానని రాసివ్వండి. సింగపూర్ వెళ్ళేటప్పుడు ముందే చెప్పి వెళ్ళండి, పిల్లలకి కూడా.

కాలర్: హాస్టల్ మా ఇంటికి దగ్గరే... మరి పూతరేకులు క్యాన్సిల్ చేయమంటారా?

యాంకర్: థాంక్యూ మాస్టారూ! నెక్స్ట్, అమెరికా నుంచి. మేడమ్, మీ టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్ (ఫ్రిస్కో, టెక్సస్): హాయ్ అండీ. మా పాపకి పదహారేళ్ళు. సమ్మర్లో కెన్యాలో ఆర్ఫనేజ్ ట్రిప్ అనుకుంటున్నాం. కాలేజ్ అప్లికేషన్‌కి హెల్ప్ అవుతుందని...

మేడమ్: ఎన్ని రోజులమ్మా?

కాలర్: టెన్ డేస్.

మేడమ్: అమ్మా, అప్లికేషన్‌లో రాసే ఎస్సే కోసం మీ అమ్మాయిని ఆపరేషన్ థియేటర్లోకి పంపించి సర్జరీలో చెయ్యేయమంటారా? అనరు కదా. దెబ్బతిన్న పిల్లల్ని చూసుకోవడం కూడా చదువుకుని చేసే పనే. కెన్యా ప్రభుత్వం కొత్త చిల్డ్రన్స్ హోములకి రిజిస్ట్రేషన్లు 2017లోనే ఆపేసింది. ఆస్ట్రేలియా వాళ్ళు 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెస్తూ ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా అందులో లెక్కగట్టారు. మీరింకా అప్లికేషన్ అంటున్నారు.

కాలర్: అంటే, ఫొటోస్ పెట్టం అండీ, ప్రైవసీ...

మేడమ్: ఫొటోలు సరే, తిరుగు టికెట్ సంగతో? మీ ఊళ్ళో లైబ్రరీలో చిన్నపిల్లలకి చదివి వినిపించమనండి, రెండేళ్ళు.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్... హలో? హలో, కరీంనగర్? లైన్ కట్ అయింది. కర్నూలు నుంచి ఒకరున్నారు. క్లుప్తంగా అడగండి.

కాలర్ (కర్నూలు): నమస్తే మేడమ్. నేను స్టాఫ్ నర్సుని, పిల్లల వార్డులో పదకొండేళ్ళు. ఉగాండాలో ఒక హోమ్‌కి ఆరు నెలలకి పిలిచారు. పిల్లలతో కాదు, అక్కడి ఆయాలకి నెలల పిల్లల తిండి, జ్వరాలు, ఇంజెక్షన్ల కార్డులు ఎలా రాయాలో నేర్పించాలి. మీ మాటలు విని భయమేస్తోంది. వెళ్ళొద్దంటారా?

మేడమ్: పోలీస్ క్లియరెన్స్ అడిగారా తల్లీ?

కాలర్: అడిగారు. ఇద్దరి దగ్గర రిఫరెన్స్ లెటర్లు కూడా. ఇంటర్వ్యూ రెండుసార్లు చేశారు.

మేడమ్: ఇదీ పద్ధతంటే. వెళ్ళిరామ్మా. నువ్వొచ్చేసినా నీ పని ఆ ఆయాల చేతుల్లో ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకోవాలనిపిస్తుంది, మనుషులం కదా. అప్పుడు పక్కన ఆయాని పిలిచి ఆవిడ చేతికివ్వు, రేపు కూడా ఉండేది ఆవిడే. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నావా?

కాలర్: ఇంకా లేదు మేడమ్.

మేడమ్: మామూలు ఆస్పత్రిలో వేయరు. హైదరాబాద్ అయితే నారాయణగూడ ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ముందే ఫోన్ చేసి వెళ్ళు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ తర్వాతే టీకా కార్డు చెల్లుతుంది. ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తోనే పెట్టుకో. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. మలేరియా మాత్రల సంగతి మీ డాక్టర్‌నే అడుగు, వెళ్ళకముందే మొదలుపెట్టాల్సినవి ఉంటాయి.

కాలర్: సరే మేడమ్. తిరుగు టికెట్ ఇంకా తీసుకోలేదు...

మేడమ్: (నవ్వు) నువ్వు తీసుకో తల్లీ, పర్లేదు.

యాంకర్: వార్తల టైమ్ అయింది. మేడమ్, థాంక్యూ.