నాస్ పెట్టె ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్లలో ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు, పట్టుచీరల కొట్లు నడిపే మనవాళ్లు చాలామంది ఇప్పుడు నాస్ పెట్టె కొనుక్కుంటున్నారు. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి. అది ఏ ఒక్క కంప్యూటర్‌కో కాకుండా రూటర్‌కి తగిలించి ఉంటుంది కాబట్టి, ఆఫీసులో అందరూ అందులోని ఫోల్డర్లు తెరుచుకోవచ్చు. మంచి ఏర్పాటే. కానీ "పెట్టె కొన్నాం, ఇక ఫైళ్ల గురించి బెంగ లేదు" అని ఎవరైనా అంటే నాకు గుబులుగా ఉంటుంది. పెట్టెలో ఉన్నది ఒక్క కాపీయే అయితే అది బ్యాకప్ కాదు.

రెండు డిస్కులున్నాయి కదా అంటారు. మిర్రర్ పద్ధతిలో రెండు డిస్కులూ ఒకటే రాసుకుంటాయి. ఒకటి పాడైతే రెండోదాని మీద పని ఆగకుండా సాగుతుంది. దాని ప్రయోజనం అంతవరకే. మీ కుర్రాడు పొరపాటున పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. పిడుగు పడితే రెండూ కలిసే కాలిపోతాయి.

ముందు ఫోల్డర్ తెరుచుకోవడం సంగతి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వెనక్కి వాలిన గీతలు రెండు కొట్టి, పెట్టె పేరో అంకెల అడ్రసో ఇస్తే ఫోల్డర్లు కనిపిస్తాయి. నిన్నటిదాకా తెరుచుకుని ఇవాళ మొరాయిస్తే, చాలాసార్లు కారణం కరెంటు. కరెంటు పోయి వచ్చాక రూటర్ ఆ పెట్టెకు కొత్త అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో దానికి ఒకే అడ్రస్ ఖాయం చేయించండి. ఈ టెన్షన్ తీరుతుంది. పెట్టెకు యూపీఎస్ కూడా పెట్టండి. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఫైలే పాడవవచ్చు.

ఇంకో కారణం విండోస్ అప్‌డేట్. 2024లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తర్వాత, పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచి ఉంచిన ఫోల్డర్లు చాలాచోట్ల తెరుచుకోవడం మానేశాయి. పాత పెట్టెలది వేరే బాధ. నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకోవడానికి అవి ఎస్ఎంబీ ఒకటి అనే పాత పద్ధతిలోనే మాట్లాడతాయి. 2017 చివర్నుంచి విండోస్ దాన్ని పక్కన పెట్టేసింది. యూట్యూబ్ చూసి దాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ఆ దారిలోనే పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు, మన పక్కనే ఆంధ్రాలో కొన్ని పోలీసు కంప్యూటర్లు దానికి చిక్కాయి. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ చేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. పాత పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేర్ దొరక్కపోతే పెట్టెనే మార్చడం మేలు.

పాస్‌వర్డ్‌లు మనిషికొకటి ఉండాలి. ఆల్బమ్ డిజైన్ చేసే అమ్మాయికి నడుస్తున్న పని ఫోల్డర్‌లో రాసే హక్కు, పూర్తయిన పనుల ఫోల్డర్‌లో చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. బ్యాకప్ ఫోల్డర్‌కి పూర్తిగా వేరే యూజర్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ రోజువారీ కంప్యూటర్‌లో సేవ్ చేయకండి. తాళం వేసే వైరస్, జెడ్ డ్రైవ్ అని మీరు పెట్టుకున్న నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకీ వెళ్లగలదు.

ఇక మన ప్రాంతం సంగతి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర దాటి, గజపతి, రాయగడ జిల్లాలను వరదలో ముంచింది. పెట్టె, దాని బ్యాకప్ డిస్కు ఒకే బల్ల కింద ఉంటే నీళ్లు రెండింటినీ ముంచుతాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఆ వేరే చోటు మీద మనం బాగా ఆలోచించాలి. పర్లాకిమిడి వాళ్లకి సరిహద్దు దాటితే శ్రీకాకుళంలో చుట్టాలుంటారు, డిస్కు అక్కడ ఇద్దామనిపిస్తుంది. కానీ తిత్లీ ఆ జిల్లానీ వదల్లేదు. జయపురంలో బావగారుంటే ఆయన దగ్గర, అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటే అతని దగ్గర పెట్టండి. పెళ్లి వీడియోలు ఇంటర్నెట్ మీద పంపాలంటే రోజులు పడుతుంది. రెండు డిస్కులు కొని, ఒకటి వెళ్లినప్పుడు రెండోది తెచ్చుకోవడమే నయం. ఆడిటర్లు డిస్కుకి తప్పక పాస్‌వర్డ్ పెట్టాలి, అందులో ఉన్నవి ఇతరుల లెక్కలు.

మొదటి బ్యాకప్‌కి సమయం పడుతుంది. కేబుళ్లు కలిపే నెట్‌వర్క్ స్విచ్ పాత హండ్రెడ్ ఎంబీది అయితే, దాని మీద ఒక టెరాబైట్ కాపీ కావడానికి దాదాపు ఒక రోజు, గిగాబిట్ స్విచ్ మీద రెండున్నర మూడు గంటలు. వైఫై మీద మొదలుపెట్టకండి, కేబుల్ వేయండి.

డీటీపీ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. శుభలేఖల ఫైళ్లు దాచి, ఫాంట్లు దాచకపోతే లాభం లేదు. తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు వాడిన పాత ఫైళ్లు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లనూ అదే డిస్కులో వేసి, ప్రతి శుభలేఖకూ ఒక పీడీఎఫ్ తీసి పెట్టండి.

బ్యాకప్ అయిందని తెర మీద వచ్చిన మాటని నమ్మి ఊరుకోకండి. నెలకోసారి ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి, నిరుడు చేసిన పని ఒకటి, నిన్న చేసిన పని ఒకటి తెరిచి చూడండి. ఫొటో నిండుగా వచ్చిందా, వీడియో చివరిదాకా ఆడిందా చూసి, ఆ తేదీ డిస్కు మీద అంటించిన కాగితం మీద రాయండి. తెరుచుకోకపోతే పెట్టెలోని అసలు ఫైళ్లు ఉన్నప్పుడే, ఆ రోజే కొత్త డిస్కు మీద మళ్లీ కాపీ తీయండి.