లివర్‌పూల్ వస్తే నేల కిందకి కూడా దిగండి | ఎవరూ పట్టించుకోని చోట్ల రివ్యూ

హాయ్ అండి అందరికీ! బీటిల్స్ మ్యూజియం, ఆన్‌ఫీల్డ్ టూర్, ఆల్బర్ట్ డాక్ ఫోటోల మీద బోలెడు వీడియోలు ఉన్నాయి కదా, వాటి జోలికి పోవట్లేదు. ఈరోజు మనోళ్ళు లివర్‌పూల్ వచ్చి కూడా చూడకుండా రైలెక్కేసే చోట్లు, నన్నడిగితే ఈ ఊళ్ళో అసలు సరుకంతా కిందే ఉంది.

ముందు ఎడ్జ్ హిల్‌లో విలియమ్సన్ టన్నెల్స్. జోసెఫ్ విలియమ్సన్ అని పొగాకు వ్యాపారి, 1769లో పుట్టాడు, పదకొండేళ్ళకే పనికోసం ఈ ఊరొచ్చి, చేరిన కంపెనీ ఓనర్ కూతుర్నే పెళ్ళి చేసుకుని చివరికి కంపెనీ కూడా కొనేశాడు. తర్వాత ఇక్కడ ఇళ్ళు కట్టించడం, వాటి కింద తవ్వించడం మొదలుపెట్టి 1840లో పోయేదాకా తవ్విస్తూనే ఉన్నాడు. ఎందుకంటే? నెపోలియన్ యుద్ధాలయ్యాక పనుల్లేక తిరుగుతున్నవాళ్ళకి కూలి దొరకాలని, ఇక్కడి రాళ్ళు అక్కడికి, అక్కడివి మళ్ళీ ఇక్కడికి మోయించేవాడని చెప్తారు, అచ్చం మన కరువు పనుల్లాగా అన్నమాట. ఇంకొందరేమో అంత సీన్ లేదు, రాయి తీసిన గుంతల మీద ఆర్చీలు కట్టి పైన స్థలం చదును చేసుకున్నాడు అంతే అంటారు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది, వ్యాపారస్తుడు కదండీ.

లోపల హెల్మెట్ పెట్టుకుని నడుస్తుంటే కింద ఎర్ర ఇసుకరాయి మీద గునపం దెబ్బలు గీతలు గీతలుగా కనిపిస్తాయి, దాని మీద నుంచే ఇటుక ఆర్చీ లేస్తుంది, టార్చ్ వేసి చూడండి. ఆయన పోయాక జనం వీటిని చెత్తతో నింపేశారు, ఇప్పుడు వాలంటీర్లు ఆ చెత్తంతా బకెట్లతో తోడుతుంటే సీసాలు, పగిలిన ప్లేట్లు, మంచం కింద పెట్టుకునే ఉచ్చ కుండలు కూడా దొరికాయి, నాకైతే సొరంగం కంటే అవే ఎక్కువ నచ్చాయి! స్మిత్‌డౌన్ లేన్ వైపు హెరిటేజ్ సెంటర్‌కి టికెట్ ఉంటుంది, ప్యాడింగ్టన్ (లండన్‌ది కాదు, ఇక్కడి వీధే) వైపు వాలంటీర్లు ఫ్రీగానే చూపిస్తారు, మీకు తోచింది డబ్బాలో వేయొచ్చు. ఒక్కదానికే టైముంటే ప్యాడింగ్టన్ వైపే వెళ్ళండి. తొమ్మిదిన్నర బై పది.

రెండోది సెయింట్ జేమ్స్ గార్డెన్స్. పెద్ద ఆంగ్లికన్ కెథీడ్రల్ ఉంది కదా, అందరూ టవర్ ఎక్కి దిగి వెళ్ళిపోతారు, పక్కనే కిందకి వాలుగా ఒక దారి ఉంది, ఎవరూ చూడరు. రాతిని తొలిచిన దారి, రెండు వైపులా గోడకి ఆనించి పాత సమాధి రాళ్ళే. ఇది ఒకప్పుడు క్వారీ, 1829 నుంచి 1936 దాకా శ్మశానం, దాదాపు 58 వేల మందిని పూడ్చారు. మధ్యలో గుండ్రంగా గుడిలా ఉండేది హస్కిసన్ సమాధి, ఈయన లివర్‌పూల్ ఎంపీ, 1830లో మాంచెస్టర్ రైల్వే ఓపెనింగ్ రోజే దారిలో బండి దిగి పక్క పట్టాల మీద వస్తున్న ‘రాకెట్’ అనే ఆవిరి రైలింజన్ కింద పడ్డాడు పాపం. నేను వెతికింది మాత్రం కిటీ విల్కిన్సన్ కోసం. 1832 కలరా టైంలో ఇంట్లో నీళ్ళు కాగబెట్టే బాయిలర్ ఉందని చుట్టుపక్కలోళ్ళందరి బట్టలు, పక్క దుప్పట్లు అక్కడే ఉతకనిచ్చింది, 1842లో ఊళ్ళో పబ్లిక్ వాష్‌హౌస్ రావడం ఈవిడ చలవే. ఎంపీ గారికి గుడి, ఈవిడకి మామూలు రాయి, ఏం చేస్తాం.

చలికాలం నాలుక్కే చీకటి పడుతుంది, గార్డెన్స్‌కి ఒక్కరే వెళ్ళకండి, తడి రాళ్ళు జారతాయి కాబట్టి మంచి షూస్ వేసుకోండి. తొమ్మిది బై పది.

ఆఖరిగా రాడ్నీ స్ట్రీట్‌లో చర్చి ఆవరణలో పిరమిడ్, అవును పిరమిడే. రైల్వే కాంట్రాక్టర్ విలియం మెకెంజీది, లోపల ఆయన శవాన్ని చేతిలో పేకముక్కలతో కూర్చోబెట్టారని పుకారు, కానీ ఆయన పోయింది 1851లో, పిరమిడ్ లేచింది 1868లో, మీరే ఆలోచించుకోండి. ఆరు బై పది, రోడ్డు మీంచే కనిపిస్తుంది, ఐదు నిమిషాలు చాలు. టన్నెల్స్‌కి మాత్రం ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి, అన్ని రోజులూ తీయరు.