బెంచీ, కౌంటరు, కర్రీ పాయింటు

(హైదరాబాద్‌లో ఒక వేసవి బాస్కెట్‌బాల్ శిబిరం ముగింపు సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు యాంకర్ పాప ఇప్పటికే రెండుసార్లు చదివింది. మూడోసారి నేను చదవను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. చీకటి పడకముందే పిల్లలకు కప్పులిచ్చి ఇళ్లకు పంపాలని కోచ్ సారు ముందే చెప్పారు. నాకు ఇరవై నిమిషాలు.

నాకిచ్చిన అంశం ఇదిగో, కాగితం మీద రాసిచ్చారు. "రిటైరైన బాస్కెట్‌బాల్ క్రీడాకారుల నుంచి, వ్యాపారవేత్తల నుంచి నేర్చుకోవలసిన పాఠాలు." ఫోన్లో చెప్పినప్పుడు నేను నవ్వాను. రిటైరైన ప్లేయర్‌నీ నేనే, నల్లకుంటలో కర్రీ పాయింట్ నడిపేదాన్నీ నేనే, ఇంకెవరి గురించి చెప్పాలి తమ్ముడూ అన్నాను. అతను కాసేపు ఆగి, "అంటే ఆంటీ... పెద్దోళ్ల గురించి కూడా కొంచెం..." అన్నాడు. సరే, పెద్దవాళ్లతోనే మొదలుపెడతాను. మధ్యలో నేను దూరితే క్షమించాలి. దూరతాను.

జూనియర్ బ్రిడ్జ్‌మన్ ఎవరో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. అందులో ఒకరు కోచ్. మైఖేల్ జోర్డాన్? చూశారా, గేటు దగ్గర ఐస్‌క్రీమ్ బండాయన కూడా ఎత్తాడు.

బ్రిడ్జ్‌మన్‌ను 1975లో ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో, లేకర్స్ జట్టు తీసుకుంది. తీసుకున్న కొద్ది రోజులకే పెద్ద స్టార్ కరీమ్ అబ్దుల్-జబ్బార్‌ను తెచ్చుకోవడం కోసం మిల్వాకీకి ఇచ్చేసింది. పెద్ద సామాను కొన్నప్పుడు లెక్క సరిపోవడానికి చిల్లర కలుపుతాం చూడండి, ఆ చిల్లరలో ఈయన ఒకడు. మిల్వాకీలో కూడా ఎక్కువగా బెంచీ మీద నుంచి లేచి వచ్చి ఆడినవాడే. సిక్స్త్ మ్యాన్ అంటారు. మొత్తం పన్నెండు సీజన్లు ఆడాడు. ఏ సీజన్‌లోనూ జీతం 3,50,000 డాలర్లు దాటలేదు. మనకది పెద్ద మొత్తమే, ఆ లీగులో స్టార్ల పక్కన పెడితే కాదు.

ఆడుతున్న రోజుల్లోనే ఆయన వెండీస్ అనే బర్గర్ హోటళ్ల వ్యాపారంలోకి దిగాడు. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చోలేదు, లోపలికెళ్లి పని నేర్చుకున్నాడు. పోనుపోను వెండీస్, చిలీస్ కలిపి రెండు వందలకు పైగా హోటళ్లు అయ్యాయి. 2017లో కోకా-కోలా బాట్లింగ్‌లోకి వచ్చాడు. 2024లో, తనను బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ మిల్వాకీ జట్టులోనే పది శాతం వాటా కొన్నాడు. 2025 మార్చిలో పోయాడు. ఆ రోజు రాత్రి వార్త చదివి షాపు షట్టర్ దించి కాసేపు కూర్చున్నాను. ఎన్నడూ చూడని మనిషి కోసం అంత బాధ ఎందుకని మా ఆయన అడిగాడు. ఆయనదీ హోటలే, నాదీ హోటలే అన్నాను.

బెంచీ అన్నాను కాబట్టి ఒక మాట. ఈ శిబిరంలో ఏ పిల్లవాడు ఎన్ని నిమిషాలు ఆడాడో కొందరు తల్లులు ఫోన్లో రాసుకుని కోచ్‌తో తగాదా పెట్టుకున్నారని విన్నాను. అమ్మా, తప్పు పట్టడం లేదు. మా అమ్మకు ఫోను ఉంటే మా అమ్మా రాసేదే. బెంచీ మీదున్న ఆ నిమిషాల్లో మీవాడు ఏం చూశాడో కూడా ఒకసారి ఇంటికెళ్లి అడగండి. చెప్పలేకపోతే అప్పుడు తగాదా వాడితో పెట్టుకోండి.

ఇప్పుడు డేవ్ బింగ్. అసలు నేను ఇవాళ వచ్చింది ఈయన కోసం. 1966లో డెట్రాయిట్ పిస్టన్స్‌లో చేరాడు. 1967-68 సీజన్‌లో లీగు మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు. అలాంటి ఆటగాడు, సీజన్ అయిపోయి సెలవులు రాగానే డెట్రాయిట్‌లో ఒక బ్యాంకులో పనిచేసేవాడు. టెల్లర్‌గా. టెల్లర్ అంటే కౌంటర్ వెనక డబ్బు తీసుకుని డబ్బు ఇచ్చే గుమస్తా. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్తాను. ఇది అంశంలో లేదు.

నేను 1988లో స్పోర్ట్స్ కోటాలో ఒక బ్యాంకులో క్లర్క్‌గా చేరాను. అప్పటికి ఇరవై ఏళ్లు. మనకు ఎన్‌బీఏ లేదు కదా. మన మగపిల్లల జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లింది ఒక్కసారి, 1980లో మాస్కోకు. ఆడపిల్లలది అదీ లేదు. ఆట అంటే మనకు రైల్వేలో, బ్యాంకులో నౌకరీ. అది వస్తే గెలిచినట్టు. విక్టరీ ప్లేగ్రౌండ్‌లో మోకాళ్లు చెక్కుకుని నేర్చుకున్న ఆటకు నెలనెలా జీతం వస్తుంటే మా నాన్న గల్లీ అంతా లడ్డూలు పంచాడు.

బ్యాంకులో నా పని ఏమిటి? పొద్దున రిజిస్టర్‌లో సంతకం. ఒక గంట కుర్చీ. మధ్యాహ్నం ప్రాక్టీసు. "మ్యాచులు గెలువుండ్రి మేడమ్, ఇక్కడ మేం చూసుకుంటం" అనేవాళ్లు. ప్రేమగానే అనేవాళ్లు. పదేళ్లు అలాగే గడిచాయి. వోచర్ ఎలా రాస్తారో, స్క్రోల్ అంటే ఏమిటో, సాయంత్రం డేబుక్ ఎలా టాలీ చేస్తారో నాకు తెలియదు. గోడ మీద మాత్రం నా ఫొటో ఉండేది, కప్పు పట్టుకుని.

1998లో ఒక టోర్నమెంట్‌లో రీబౌండ్‌కు ఎగిరి కింద పడుతుంటే కాలు మెలిక పడింది. మోకాలి లిగమెంట్. ఆరు నెలల తర్వాత డాక్టర్ ఇక ఆట వద్దన్నాడు. బ్యాంకుకు వెళ్తే మేనేజర్ నవ్వుతూ, "రేపటి నుంచి నాలుగో నంబర్ కౌంటర్ మీదేనమ్మా" అన్నాడు.

ఆ రేపు ఏ రోజో తెలుసా? ఒకటో తారీఖు. పెన్షన్ల రోజు. లైను తలుపు దాటి మెట్ల మీదికి వెళ్లింది. ఇత్తడి టోకెన్లు పట్టుకుని ముసలివాళ్లు. నా ముందు నోట్ల కట్టలు. ఆఖరి నిమిషంలో స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఫ్రీ త్రో వేశాను, చెయ్యి వణకలేదు. ఆ రోజు వంద రూపాయల కట్ట లెక్కపెడుతుంటే వణికింది. ఒక రిటైర్డ్ టీచర్ గారి నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చాయి. వెనకనుంచి ఎవరో "ప్లేయరమ్మకు స్కోరుబోర్డు పెట్టుండ్రి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం క్యాష్ ఐదు వందలు తక్కువ. క్యాష్ టాలీ కాకపోతే బ్రాంచి మూయరు. బస్సు పట్టుకోవాల్సినవాళ్లు, పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవాల్సినవాళ్లు, అందరూ నా కోసం ఏడున్నర దాకా కూర్చున్నారు. నాకంటే ఏడేళ్లు చిన్న ఆఫీసరమ్మాయి నా పక్కన నిలబడి ఒక్కొక్క వోచర్ చూపించి, "ఇది డెబిట్ అక్కా, ఇది క్రెడిట్" అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. దొరకలేదు. నా పర్సులోంచి ఐదు వందలు పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత ఆ టీచర్ గారు వచ్చారు. ఐదు వందల నోటు కౌంటర్ మీద పెట్టి, "ఎక్కువ ఇచ్చినవ్ బిడ్డా. పదేండ్ల సంది నీ ఫొటో చూస్తున్న. లెక్క రాదని దాని కింద ఎవ్వరూ రాయలే" అన్నారు.

ఈ కథ నేను చాలా చోట్ల చెప్పాను. చాలా ఏళ్లు ఆ మేనేజర్ మీద, పైవాళ్ల మీద కోపంతో చెప్పాను. ప్లేయర్లను కప్పుల కోసం తీసుకుని పని నేర్పకుండా వదిలేశారని. ఆ కోపం ఇప్పటికీ ఉంది, పోలేదు. కానీ పదేళ్లలో ఒక్కరోజైనా నేను "నాకు నేర్పండి" అని అడిగానా? అడగాలంటే ముందు రాదని ఒప్పుకోవాలి. ఛాంపియన్ ఛాంపియన్ అని పిలిపించుకున్నదాన్ని, ఆ ఒక్క మాట నోట రాలేదు. డేవ్ బింగ్ లీగులో టాప్ స్కోరర్ అయ్యుండీ కౌంటర్ వెనక నిలబడ్డాడు. నేను పదేళ్లు అదే కౌంటర్ పక్క నుంచి బ్యాగు వేసుకుని నడిచిపోయాను.

బింగ్ 1978లో ఆట మానేశాడు. ఒక స్టీలు కంపెనీలో రెండేళ్లు పని నేర్చుకుని, 1980లో నలుగురు ఉద్యోగులతో సొంత కంపెనీ పెట్టాడు. తర్వాత డెట్రాయిట్ మేయర్ కూడా అయ్యాడు. నేను 2001లో బ్యాంకు ఉద్యోగం వదిలేశాను.

కోచ్ సారు గడియారం చూస్తున్నారు. సారూ, గడియారం గురించే చెప్పబోతున్నాను.

మీరు ఆడే ఆటలో ఇరవై నాలుగు సెకన్ల గడియారం ఉంది కదా, బంతి చేతికొచ్చాక అంతలోపే షాట్ వేయాలి, అది ఎక్కడి నుంచి వచ్చింది? 1950 నవంబరు 22న ఎన్‌బీఏలో ఒక మ్యాచ్ 19-18తో ముగిసింది. ఫోర్ట్ వేన్ వాళ్లు బంతిని పట్టుకుని ఊరికే నిలబడ్డారు, టికెట్ కొన్నవాళ్లు తిట్టుకుంటూ పోయారు. అప్పుడు సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ ఒక లెక్క వేశాడు. ఈయన ఆటగాడు కాదు, బౌలింగ్ ఆట ఆడించే హాలు నడిపేవాడు. మనలాంటి షాపు మనిషి. జనానికి నచ్చిన మ్యాచుల్లో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు వేస్తున్నాయి. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. భాగించండి. ఆ వెనక నీలం బనీను బాబూ, ఎంత? ఇరవై నాలుగు! ఎన్‌బీఏలో 1954 నుంచి అదే రూలు.

నేను 2003లో కర్రీ పాయింట్ పెట్టినప్పుడు మొదటి రెండు నెలలు రోజూ రాత్రి కూరలు పారబోశాను. పప్పు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, సాంబారు, అన్నీ ఆదివారం వండినంత మంగళవారమూ వండేదాన్ని. అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టి ప్యాకెట్లు లెక్క రాయడం మొదలుపెట్టాను. మూడు నెలలు రాసేసరికి గల్లీ మొత్తం ఆ పుస్తకంలో కనబడింది. నెల మొదటి వారం చికెన్, ఇరవై దాటాక పప్పు. కార్తీకమాసం, అయ్యప్ప మాలల రోజుల్లో చికెన్ గిన్నె సగం చేయాలి. సంక్రాంతికి యూనివర్సిటీ హాస్టళ్లు ఖాళీ, ఆ వారం షాపు మూసి నేనూ ఊరికి పోవచ్చు. వానాకాలంలో మాత్రం నాకు అర్థం కాని ఒక లెక్క వచ్చింది. రసం విపరీతంగా పోతోంది. ఎవరు కొంటున్నారని చూస్తే, ఫీవర్ హాస్పిటల్లో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చి మెట్ల మీద పడుకునేవాళ్లు. కారం లేని చప్పిడి పప్పు, మెత్తటి అన్నం విడిగా ప్యాకెట్ కట్టడం మొదలుపెట్టాను. ఇవాళ్టికీ జులై నుంచి అక్టోబరు దాకా నా షాపు నడిచేది ఆ చప్పిడి పప్పు మీదే.

లేకర్స్ జట్టు స్టార్ మ్యాజిక్ జాన్సన్ చేసింది కూడా ఇదే. 1991లో హెచ్‌ఐవీ ఉందని ప్రపంచం ముందు చెప్పి ఆట వదిలేశాడు. 1995లో లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్లు ఉండే పేటలో సినిమా హాళ్లు పెట్టాడు. మావాళ్లు సినిమాకు వస్తే అక్కడే భోంచేస్తారు, హాట్‌డాగ్‌లు ఎక్కువ తెప్పించండి అని భాగస్వాములకు చెప్పానని సభల్లో చెప్పుకుంటాడు. స్టార్‌బక్స్ కాఫీ హోటళ్లు తీసుకున్నప్పుడు, వాళ్ల బన్నులు పక్కన పెట్టి తన పేటవాళ్లు ఇష్టపడే, చిలగడదుంపతో చేసే "పై" అనే తీపి వంటకం పెట్టించాడట. చిలగడదుంప! నాకెంత ముచ్చటేసిందో.

ఆంటోయిన్ వాకర్ అనే ఎన్‌బీఏ ఆటగాడి గురించి కూడా రాసుకొచ్చాను. పది కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2010లో దివాలా తీశాడు, ఇప్పుడు కుర్రాళ్లకు డబ్బు జాగ్రత్తలు చెప్తున్నాడు. టైము లేదు, ఇంతే.

కానీ ఉద్దెర గురించి చెప్పకుండా దిగను. 2006లో ఒక కాలేజీవాళ్లు స్పోర్ట్స్ మీట్‌కు 180 భోజనాలు చెప్పారు. ఒక్కోటి ముప్పై ఐదు రూపాయలు. సగం ముందిచ్చారు. మిగతా మూడు వేల నూట యాభై కోసం పదకొండుసార్లు తిరిగాను. "ఫైలు పైన ఉందమ్మా." ఎంత పైన? ఏ అంతస్తు? లిఫ్టు ఉందా? పేరు చెప్పను, చెప్తే కోచ్ సారు మళ్లీ పిలవరు. పిల్లలు ఆడారు, తిన్నారు, కప్పులు తీసుకున్నారు. వండినదాని డబ్బు రాలేదు. అప్పటి నుంచి నా షాపులో ప్లేయర్ అయినా, మంత్రిగారి డ్రైవర్ అయినా, ముందు డబ్బు తర్వాతే ప్యాకెట్.

సరే. నేను అడగడానికి వచ్చింది ఒకటుంది. ఈ కోర్టు వెనక ఒక గది ఉంది, నెట్లూ పాత బంతులూ పడేసి తాళం వేశారు. దాన్ని శనివారం సాయంత్రాలు ఒక గంట నాకివ్వండి. వోచర్, పాస్‌బుక్, ఖర్చు రాయడం, బిల్లు అడగడం, ఇంతే నేర్పుతాను. ఫీజు లేదు. అప్పుడు నాకు డెబిట్ క్రెడిట్ చెప్పిన ఆ ఆఫీసరమ్మాయి కూడా వస్తానంది, ఇప్పుడు తనూ ఉద్యోగం మానేసింది. పన్నెండేళ్లు దాటిన పిల్లలు ఎవరైనా రావచ్చు. తల్లులు వస్తే ఇంకా మంచిది, ఎలాగూ నిమిషాలు రాసే అలవాటుంది కదా.

రిజిస్టర్ తెచ్చాను, ఆ నీళ్ల క్యాన్ పక్కన బల్ల మీద ఉంది. పేరు, తరగతి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నంబరు రాయండి. నంబర్లు విడివిడిగా, కనబడేలా. పెన్ను దారంతో బల్లకు కట్టేశాను, బ్యాంకు అలవాటు. లాగొద్దు.