పాత స్టీల్ తెరచాప పడవ: తుప్పు ఎక్కడ వెతకాలి, హల్ (పడవ బయటి డొల్ల) ఎలా బాగుచేయాలి

[తెరమీద: ఒడ్డున దిమ్మెల మీద నిలబెట్టిన పాత స్టీల్ పడవ. పక్కల వెంట ఎర్రటి తుప్పు చారలు]

ఈ చారలు చూడగానే చాలామంది బేరం మానేసి వెళ్లిపోతారు. నిజానికి వీటికి అంత భయపడక్కర్లేదు. బయటి తుప్పు కంటికి కనిపిస్తుంది, గీకేసి రంగు వేసుకోవచ్చు. స్టీల్ పడవ పాడయ్యేది ఎక్కువగా లోపలి నుంచి.

[తెరమీద: పడవ లోపల పడక కింది పలకలు ఎత్తుతున్న చేతులు]

పడకల కింద, అలమరల వెనక, లంగరు గొలుసు పెట్టే అరలో నీరు చేరుతుంది. పక్కటెముకల్లాంటి లోపలి ఫ్రేముల అడుగున ఆ నీరు బిల్జ్‌లోకి (పడవ అట్టడుగు భాగంలోకి) పారడానికి చిన్న కంతలు వదులుతారు. మట్టీ రంగు పెచ్చులూ పడి అవి మూసుకుపోతే నీరు ఎక్కడిదక్కడే నిలిచి, ఏళ్ల తరబడి ప్లేటును తింటూ పోతుంది. అందుకే గ్రైండర్ పట్టేముందు లోపలి చెక్కపని ఊడదీయండి. విసుగు పుట్టించే పనే. కానీ అది చేయకుండా ఈ పడవ బాగుందనో పోయిందనో ఎవరు చెప్పినా నేను నమ్మను.

[తెరమీద: సుత్తితో తడుతూ వినడం. తర్వాత గేజ్ మీద అంకెలు]

ముందు సుత్తి. గట్టి ప్లేటు ఖంగుమంటుంది, పలచబడ్డది మొద్దుగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోటల్లా అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టండి. ధ్వని ప్లేటులోకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి అది మందం చెబుతుంది. మామూలు గేజ్ రంగునీ స్టీల్‌లో కలిపి లెక్కేస్తుంది కాబట్టి, ఆ చోట రంగు గీకాకే కొలవాలి. పది పన్నెండు మీటర్ల పడవలకు పక్క ప్లేటు తరచుగా 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో నాలుగో వంతు పోయిందంటే, నన్నడిగితే ఆ ముక్క మార్చేయడమే మేలు.

పెచ్చులు మందంగా లేచాయని మాత్రం కంగారుపడకండి. తుప్పు తాను తిన్న స్టీల్ కంటే ఎన్నో రెట్లు ఉబ్బి కనిపిస్తుంది.

[తెరమీద: ప్లేటు మీద సుద్దతో గీసిన గుండ్రటి మూలల చతురస్రం]

ఇప్పుడు అసలు తగాదా. పలచబడ్డ చోట పైనుంచి ఇంకో రేకు వేసి చుట్టూ వెల్డ్ చేసేస్తారు కొందరు. తడి గోడకు సున్నం కొట్టినట్టే అది. పాత తుప్పు కింద అలాగే ఉంటుంది, రెండు రేకుల మధ్యకు తేమ చేరితే తుప్పు కంటికి కనబడకుండా పెరుగుతుంది. దారిలో గండం గట్టెక్కడానికి సరే, మరమ్మతుగా మాత్రం కాదు. చెడిన భాగాన్ని మంచి స్టీల్ తగిలేదాకా కోసేసి, అంతే మందం ఉన్న కొత్త ముక్కను అంచుకు అంచు కలిపి అతకాలి. మూలలు గుండ్రంగా కోయండి, పదును మూలల్లో పగుళ్లు మొదలవుతాయి. ముందు టాక్‌లు (ముక్క కదలకుండా పట్టే చిన్న వెల్డ్ చుక్కలు) వేసుకుని, కొంచెం ఇక్కడ, కొంచెం ఎదుటి పక్కన వెల్డ్ చేస్తూ పోవాలి. ఒకే ఊపులో లాగేస్తే వేడికి ప్లేటు వంకర్లు పోతుంది.

వెల్డింగ్‌కు ముందు, వేడీ చలీ ఆపడానికి ప్లేటు వెనక వైపు వేసిన ఫోమ్‌ను బాగా దూరం వరకు తీసేయాలి. పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. లోపల ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో కూర్చోవాలి, పని ముగిశాక కూడా కాసేపు కాపలా ఉండాలి.

ఇంత శ్రమ దేనికంటారా? 1962లో ఫ్రాన్స్‌లో కట్టిన స్టీల్ పడవ జాషువాను చూడండి. ఫ్రెంచ్ నావికుడు బెర్నార్ మొయితెసియే 1968లో ఒంటరిగా ప్రపంచం చుట్టే పందేనికి బయల్దేరింది దానిమీదే. 1982లో మెక్సికోలోని కాబో శాన్ లూకాస్ దగ్గర తుఫాను దాన్ని ఒడ్డుకు విసిరేసింది. అయినా బాగుచేశారు. ఇప్పుడది లా రోషెల్ సముద్ర మ్యూజియం వారి పడవ. స్టీల్ సొట్టపడుతుంది కానీ అంత తేలిగ్గా చిట్లదు.

[తెరమీద: బ్లాస్టింగ్, బూడిదరంగు నగ్న లోహం]

రంగు నిలిచేది కింది లోహాన్ని బట్టే. గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు వదిలించే బ్లాస్టింగ్ చేయించండి. మామూలు ఇసుక వద్దు, దాని ధూళి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. శుభ్రమైన లోహం మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత) పడాలి. ప్లేటు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే కంటికి ఆనని తేమ మీద రంగు వేసినట్టవుతుంది. అంచులకూ వెల్డ్ గీతలకూ ముందుగా బ్రష్‌తో ఒక పూత అదనంగా ఇవ్వండి, రంగు మొదట పలచబడేది అక్కడే. నాచు పట్టకుండా వేసే రాగి రంగు స్టీల్‌ను నేరుగా తాకకూడదు, మధ్యలో మందంగా ఎపాక్సీ ఉండాలి.

[తెరమీద: హల్‌కు బిగించిన జింక్ దిమ్మ]

చివరగా ఆనోడ్‌లు, అంటే హల్‌కు బిగించే లోహపు దిమ్మలు. ఉప్పునీటికి జింక్, మంచినీటికి మెగ్నీషియం. స్టీల్‌కు బదులు ఇవి అరిగిపోతాయి. వీటి మీద రంగు వేయకండి. సగం అరిగితే మార్చండి. ఎంతకాలమైనా అరగకపోతే మురిసిపోకండి, బోల్టు విప్పి లోహానికి లోహం తగులుతోందో లేదో చూడండి.