కత్తి మీదే, మరి డిజైను?

(టేబుల్ మీద రెండు కత్తులు పక్కపక్కనే. కెమెరా బాగా దగ్గరగా.)

ఈ రెంటిలో అసలు ఏది, నకలు ఏది? నేనైతే చెప్పలేను. రెండూ ఒకే కొలిమిలో, ఒకే చేతి మీద తయారయ్యాయి. ఒకటి మా కోనసీమలో పెళ్లిళ్లకి వండే ఒక మేస్త్రిగారిది. రెండోది మొన్న నేను సంతలో కొన్నది.

ఆయనకి పనసపొట్టు కూర దగ్గర భలే పట్టింపు. మిషన్‌లో వేసిన పొట్టు ముట్టుకోరు. చేతులకి నూనె రాసుకుని కత్తితో టకటకా కొట్టాల్సిందే. అయిదొందల మంది భోజనాలంటే ఎన్ని కాయలో చూసుకోండి. మామూలు కత్తయితే వేళ్ల కణుపులు చెక్కకి తగిలి తగిలి సాయంత్రానికి వాచిపోతాయి. అందుకని తనే ఒక బొమ్మ గీసుకున్నారు. బ్లేడు మధ్యలో కొంచెం వంపు, మొన వైపు బరువు, పిడి మాత్రం బ్లేడు కంటే రెండంగుళాలు పైకి. ఇదిగో, పిడి చివర అరటిమొగ్గ. వెన్ను మీద అరటాకు ఈనెల్లాగా గీతలు. లారీ కమాను పట్టీతో చేయించారు, కాల్చి ముంచి గట్టిపరుస్తారే, ఆ పాయనం కూడా బాగా కుదిరింది. మూడు నెలలు తిరిగేసరికి ఇదే కత్తి, ఇదే మొగ్గతో, సంతలో వేలాడుతోంది.

"బొమ్మ గీసింది నేను, డబ్బులిచ్చింది నేను. ఆ కమ్మరి దొంగండి బాబూ!" అన్నారు.

ఇక్కడే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆయన మీద కాదు, ఆ మాట మీద. ఏది చేయించుకున్నా ఇదే మాట.

మీ చెల్లి పెళ్లికి మగ్గం వర్క్ జాకెట్టు చేయించారనుకోండి. వీపు మీద నెమలి, మీరే గీసిచ్చారు. పెళ్లయిన రెండు నెలలకి అదే నెమలి పక్కవీధి అమ్మాయి వీపు మీద. వర్క్ చేసినాయన దొంగా? "ఇంకెవరికీ వెయ్యకు" అని మీరు ఒక్క మాటైనా అన్నారా? ఆది జాకెట్టు గుర్తు పెట్టుకుని వెనక్కి తెచ్చుకున్నారు. సూదితో చిల్లులు పొడిచిన ట్రేసింగ్ కాగితం మాత్రం ఆయన దగ్గరే వదిలేశారు. నెమలి ఉన్నది జాకెట్టులో కాదండీ, ఆ కాగితంలో.

కొలిమిలో ఆ కాగితానికి బదులు రేకు ముక్క ఉంటుంది. కత్తి ఆకారానికి కత్తిరించి, మేకుకి తగిలించి ఉంచుతారు. మేస్త్రిగారు కత్తి పట్టుకొచ్చారు, రేకు గోడకే ఉండిపోయింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఒకరి చేత డిజైన్ చేయిస్తే దానికి యజమాని చేయించుకున్నవారే. మేస్త్రిగారి మాట సగం నిజమే! మరి మిగతా సగం? ఆ హక్కుతో ఇంకొకరిని ఆపాలంటే ముందు రిజిస్టర్ చేసి ఉండాలి. రిజిస్టర్ చెయ్యాలంటే డిజైన్ కొత్తదై ఉండాలి, అంటే అప్లికేషన్ పెట్టేలోపు అది లోకానికి తెలియకూడదు. ఈయనేం చేశారు? కత్తి చేతికొచ్చిన రోజే రీల్ పెట్టేశారు. పెళ్లికి ముందే నెమలి జాకెట్టు స్టేటస్‌లో పెట్టినట్టు. నమ్మకంగా, "బయట చెప్పకు" అని కమ్మరికి చూపిస్తే తప్పు లేదు, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. రీల్‌కి లేదు.

ఇంకోటి. డిజైన్ కింద వచ్చేది కంటికి కనిపించే రూపం మాత్రమే. అరటిమొగ్గ, ఈనెల గీతలు, మొత్తం ఆకారం, ఇవి వస్తాయి. పిడి పైకి ఉంటే కణుపులు తగలవు అనే ఉపాయం రాదు. జాకెట్టుకి నెమలి డిజైను, హుక్కులు వెనక పెట్టడం డిజైను కాదు. ఉపాయానికైతే పేటెంటు, 20 ఏళ్లు. కానీ బ్రెడ్ కోసే కత్తుల్లో ఇలా పైకి లేచిన పిడి ఎప్పట్నుంచో ఉంది కాబట్టి, ఆశ పెట్టుకోకండి అని చెప్పాను. మొహం మాడ్చుకున్నారు.

"పూతరేకులకి వచ్చినట్టు జీఐ, అదే ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు, తెచ్చుకోవచ్చుగా" అని ఒకాయన సలహా. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చిన మాట నిజమే. కానీ అది ఊరందరిదీ. మనకి కావాల్సింది దానికి సరిగ్గా తలకిందులు.

(ఫోన్ చూసుకుంటూ) బ్యాటరీ ఎర్రగా అయిపోయింది, మిగతాది గబగబా చెప్పేస్తా.

రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, చూసేది కోల్‌కతా ఆఫీసు. మనిషి పేరు మీదైతే ఫీజు 1000 రూపాయలు. హక్కు 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగించుకోవచ్చు. కాపీ కొట్టినవాడి నుంచి ఒక్కో ఉల్లంఘనకి 25,000 దాకా, ఒక డిజైన్‌కి మొత్తం 50,000 దాటకుండా. లేదంటే ఆపమని, నష్టం కట్టమని దావా.

బొమ్మ మీరు గీస్తే దాని కాపీరైట్ మీదే. కమ్మరే గీస్తే మామూలుగా ఆయనదే, రాతపూర్వకంగా సంతకంతో రాయించుకోవాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లే! రిజిస్టర్ చెయ్యదగ్గ డిజైన్‌ని చెయ్యకుండా వదిలేసి, పారిశ్రామిక పద్ధతిలో ఆ వస్తువుని 50 కంటే ఎక్కువ సార్లు తయారు చేస్తే ఆ కాపీరైటూ పోతుంది.

మనలాంటి వాళ్లకి వీటన్నిటికంటే ముందు పనికొచ్చేది ఒక్క ఒప్పంద కాగితం. బొమ్మ జత చేసి, ఇద్దరూ దాని మీద సంతకం చేసి: దీన్నీ, దీన్ని పోలినదాన్నీ ఇన్నేళ్లు ఇంకొకరికి చెయ్యను, ఫొటో పెట్టను, రేకు తిరిగి ఇచ్చేస్తాను. దానికి విడిగా డబ్బులివ్వండి, ఇది నా గట్టి అభిప్రాయం. రేపు అమ్ముకోగలిగే పది కత్తులు ఆయన వదులుకుంటున్నాడు, ఊరికే ఎందుకు వదులుకుంటాడు?

మేస్త్రిగారు అదే కమ్మరి దగ్గరికి వెళ్లి, ఈసారి వేరే బొమ్మతో కొత్త కత్తి చేయించారు. ఒప్పంద కాగితం చూసి కమ్మరి అడిగింది ఒక్కటే, "ముందే చెప్తే ఆ మొగ్గ వేరేవాళ్లకి పెట్టేవాణ్ణా అండి?"

(గుడ్డ చుట్టిన ఒక వస్తువు ఎత్తి చూపిస్తూ) కొత్త కత్తి తాలూకు రేకు ఇదే. మేస్త్రిగారింట్లో బియ్యం డబ్బా వెనకుంటే అడిగి తెచ్చాను. గుడ్డ మాత్రం తియ్యను, అప్లికేషన్ ఇంకా పెట్టలేదు.