మంచు మీద ఏ రంగు అద్దం?

శ్రోతలకు నమస్కారం. చలికాలం వచ్చిందంటే మన దగ్గర్నుంచి గుల్మార్గ్‌కీ మనాలీకీ బయలుదేరే కుటుంబాలు బోలెడు. అక్కడ కోటు అద్దెకు తీసుకుంటారు, బూట్లు తీసుకుంటారు. కళ్లద్దాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది "బాగా నల్లగా ఉన్నవి ఇవ్వండి" అంటారు. ఈ పూట ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను. అద్దం నలుపు చూసి కాదు, ఆ పూట వెలుతురు చూసి గాగుల్స్ ఎంచుకోవాలి.

నేను స్కీయింగ్ నేర్చుకున్నది గుల్మార్గ్‌లోనే, అందుకే అక్కడి సంగతే చెబుతాను. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, ఎక్కితే మొదట కొంగ్‌డూరి, అక్కడ మారి ఇంకోటి ఎక్కితే అఫర్వాట్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్లొచ్చు. కింద అడవి ఉంది. పైన చెట్టన్నదే లేదు, ఎటు చూసినా తెలుపే.

ఆ ఫిబ్రవరి పొద్దున పైన ఎండ ఫెళఫెళా కాస్తోంది. నా గాగుల్స్‌కి ముదురు బూడిదరంగు లెన్స్ ఉంది. వంద పాళ్ల వెలుతురులో పన్నెండు పాళ్లే లోపలికి రానిస్తుంది. అలాంటి ఎండకు అదే సరైనది, కళ్లు హాయిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. అంతే, నేల మాయమైపోయింది. వాలు ఎక్కడ మొదలవుతోందో, గుంట ఎక్కడుందో, మిట్ట ఎక్కడుందో ఏమీ తెలియదు. సున్నం కొట్టిన గోడ మీద సున్నంతోనే ముగ్గు పెడితే ఎలా కనిపిస్తుంది? అలా ఉంది. స్కీయర్లు దీన్ని ఫ్లాట్ లైట్ అంటారు.

మా ఇన్‌స్ట్రక్టర్ అందరినీ ఓ పక్కకు ఆపారు. కోటు లోపలి జేబులోంచి గులాబీరంగు లెన్స్ ఒకటి తీసి నా చేతికిచ్చి, "మేడమ్, గాగుల్స్ ఒక్క నిమిషం పైకెత్తి, దీన్ని కంటికి అడ్డం పెట్టుకుని మీ కాళ్ల ముందు చూడండి" అన్నారు. చూశాను. నా స్కీల ముందు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పొద్దున ఎవరో వెళ్లిన జాడ గట్టిపడి గట్టులా నిలబడి ఉంది. గట్టు అంచున సన్నటి నీడ గీత. లెన్స్ పక్కకు తీశాను, గీత లేదు. మళ్లీ పెట్టాను, ఉంది. మళ్లీ తీశాను, లేదు. పుస్తకంలో ఎంత చదివినా రాని నమ్మకం నాకు ఆ గీతతో కుదిరింది.

కారణం ఇదీ. ఎండ నేరుగా తగలని చోట మంచు మీద పడేది ఆకాశపు వెలుతురు. అందులో నీలం పాలు ఎక్కువ. అందుకే మంచు మీద నీడలు కాస్త నీలంగా ఉంటాయి. పసుపు, తేనెరంగు, గులాబీ లెన్సులు ఆ నీలాన్ని కొంత ఆపేస్తాయి. దాంతో నీడ ఇంకాస్త ముదురై, గుంటకీ మిట్టకీ తేడా తెలుస్తుంది. అయితే నిజం చెప్పుకోవాలి, అసలు లేని నీడను ఏ లెన్సూ పుట్టించలేదు. మబ్బు మరీ దట్టంగా కమ్మేస్తే చెట్లున్న చోటికి దిగిపోవడమే మంచిది. నల్లటి మానులు పక్కన ఉంటే వాలు ఎటుందో కంటికి ఆనవాలు దొరుకుతుంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? అంకె చూడండి. రంగు కన్నా ముందు అంకె చూడండి. వీఎల్‌టీ అని, పక్కన శాతం రాసి ఉంటుంది. ఎంత వెలుతురు లోపలికి వస్తుందో చెప్పే లెక్క అది. కొన్నింటి మీద ఎస్1, ఎస్2, ఎస్3 అని ఉంటుంది. ఎస్3 అంటే 8 నుంచి 18 శాతం, ఎండ రోజుకు. ఎస్1 అంటే 43 నుంచి 80 శాతం, మబ్బు రోజుకు. మధ్యలోది ఎస్2. ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్2కే, అదీ గులాబీ లేదా తేనెరంగులో. ఎండలో కాస్త వెలుతురు ఎక్కువనిపించినా పని జరుగుతుంది. మబ్బులో ముదురు అద్దంతో మాత్రం పని జరగదు.

ఇంకో మాట. ముదురు రంగు వేరు, అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపడం వేరు. మంచి గాగుల్స్‌లో రంగులేని లెన్స్ కూడా వాటిని ఆపుతుంది. తాజా మంచు ఆ కిరణాలను 80 శాతం దాకా తిప్పి మన ముఖం మీదికే కొడుతుంది. పైగా వెయ్యి మీటర్లు ఎక్కితే వాటి జోరు సుమారు 10 శాతం పెరుగుతుంది. మబ్బులోంచి కూడా అవి వస్తాయి. కాబట్టి మబ్బు పట్టింది కదా అని గాగుల్స్ తీసి జేబులో పెట్టేయకండి, లేతరంగు లెన్స్‌కి మారండి. కళ్లు మాడితే ఆ క్షణాన తెలియదు. కొన్ని గంటలయ్యాక, రాత్రి హోటల్ గదిలో, కంట్లో ఇసుక పోసినట్టు గరగరలాడి నీళ్లు కారతాయి. స్కీ చేయకుండా మంచులో ఆడుకునే పిల్లలకైనా ఇదే వర్తిస్తుంది. దయచేసి ముందుగా వాళ్లకు గాగుల్స్ పెట్టండి.

రెండో లెన్స్ ఉన్నవాళ్లు దాన్ని మెత్తటి సంచిలో వేసి కోటు లోపలి జేబులో ఉంచుకోండి. చల్లబడ్డ లెన్స్ పెట్టుకోగానే మన ఊపిరికే ఆవిరి పట్టేస్తుంది. మార్చేటప్పుడు లోపలి వైపు చేతి తొడుగుతో తుడవకండి, ఆ పక్క ఉన్న పూత గీసుకుపోతుంది. గొండోలా డబ్బాలో కూర్చున్నప్పుడే, గాలి తగలని చోట, కొండ వైపు ఒకసారి చూసి ఏ లెన్స్ కావాలో తేల్చుకుని మార్చేసుకోండి. నమస్కారం.